మోటారు సైకిలు వెనుక స్ప్రింగులు: తక్కువ వ్యయముతో బాగుచేసికొను విధము

మన ప్రాంతమున రైతుయింటి ముంగిట ఎడ్లబండి నిలుచు చోటున నేడు మోటారు సైకిలు నిలిచియున్నది. ఉదయమున పొలమునకు, పగలు మహదేవపూరునకో కాటారమునకో, సాయంకాలము పాలకేంద్రమునకు, అదునుకాలమున సంఘపు గిడ్డంగికి, అన్నిటికి నదియే వాహనము. ఇద్దరు కూర్చుండి పోవుటకు చేయబడిన యీ యంత్రముపై మనవారు యూరియా బస్తాలు, మిరప బస్తాలు, మందుకొట్టు పంపులు, పశువుల మేత, ఒక్కొక్కప్పుడు మేకపిల్లను గూడ నెక్కించుచున్నారు. ఇందులకు వారిని నిందింపబోము. కలిగిన యొక్క సాధనము పలువిధముల నక్కరకు రావలసినదే. కాని యీ బరువు చాలవరకు వెనుక చక్రమునకు ఇరుప్రక్కల నిలిచిన రెండు స్ప్రింగు గొట్టములపై పడుచున్నది. మెకానిక్కులు వీనినే షాకప్సర్లందురు.

ఇవి చెడినప్పుడు రైతు మొట్టమొదట కోరునది గట్టి స్ప్రింగు. దానికై వేలకొలది రూపాయలు వెచ్చించి, మూడు మాసములకే నడుము నొప్పితోనో, పగిలిన ఫ్రేముతోనో మరల మెకానిక్కు కడకు వచ్చుచున్నాడు. మేము గ్రామములు తిరుగుచు సభ్యుల బండ్లను పరీక్షించినంతలో మాకు తోచినదేమనగా, వెనుకభాగపు దోషములలో ఎక్కువపాలు పైసా ఖర్చు లేకయో, కొలది వందల రూపాయలతోనో కుదురునట్టివే. కొత్త స్ప్రింగులు కొనుట కడపటి పని. మొదటి పని కాదు.

మన దారుల సంగతి కొంత చెప్పక తప్పదు. కాళేశ్వరమున గోదావరి, ప్రాణహితల సంగమమునకు వచ్చు యాత్రికుల వాహనములు, వంతెనమీదుగా సిరోంచకు పోవు బండ్లు, ఇసుక లారీలు, భూపాలపల్లి దిక్కునకు పోవు రద్దీ అంతయు 353సి జాతీయ రహదారిపైననే. 2025 మే 15 మొదలు 26 వరకు జరిగిన సరస్వతీ పుష్కరములలో ఈ దారిని చూచినవారికి దాని రద్దీ యెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. పెద్దదారి విడిచి పొలముల దిక్కునకు తిరిగినచో నల్లరేగడి నేల వేసవిలో నెఱ్ఱెలు విచ్చి, వానకాలమున ఉబ్బి, తారు వేసిన దారిని గూడ అలలవలె మార్చివేయును. ట్రాక్టరు కేజివీలు తొక్కిన బాటల మాట యిక అడుగనేల! ఇట్టి చోట చక్రము నిమిషమునకు పదులకొలది పర్యాయములు పైకి క్రిందికి ఆడుచుండును.

స్ప్రింగు గొట్టములో రెండు వేరువేరు పరికరములున్నవి. పైకి కనబడు చుట్టలు బరువును మోయును, దెబ్బను తనలో దాచుకొనును. కాని దాచుకొన్నదానిని స్ప్రింగు ఊరక యుంచుకొనదు; వెంటనే తిరిగి విసరివేయును. ఆ విసురును అణచుటకు లోపల నూనెతో నిండిన గొట్టమున్నది. అందులో ముషలకము కదలునప్పుడు నూనె సన్నని రంధ్రములగుండ బలవంతముగా దూరవలసివచ్చును. ఆ రాపిడిలో విసురు వేడిమిగా మారి, గొట్టపు గోడలనుండి గాలికి పోవును. గతుకుల దారిలో చాలసేపు నడిపి దిగినవెంటనే ఆ గొట్టమును తాకిచూచినచో వెచ్చగా నుండుట కిదియే కారణము. స్ప్రింగు చుట్టలు ఏండ్ల తరబడి నిలుచును. ముందుగా అలసిపోవునది నూనె గొట్టము. దాని మూతివద్దనున్న రబ్బరు సీలు అరిగి నూనె కారిపోయినపిమ్మట మిగులునది ఒట్టి చుట్ట మాత్రమే. అప్పుడు బండి గుఱ్ఱమువలె ఎగురును. రైతు మాత్రము "స్ప్రింగు మెత్తబడినది" అనుకొనును. రోగమొకటి, మందొకటి యగుచున్నది.

వెనుక చక్రమునకు స్ప్రింగు లేని కాలము కూడ నుండెను. అప్పుడు చక్రమును ఫ్రేమునకే బిగించి, కూర్చుండువాని సీటుక్రింద మాత్రము స్ప్రింగులుంచెడివారు. ఇంగ్లండు దేశములోని రెడిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డు వారు 1948లో బుల్లెట్టు బండి వెనుక చక్రమును కదలు చేతిపై నిలిపి, దానికి నూనె స్ప్రింగులమర్చిరి. కదలు చక్రము బురదలో పట్టు కోల్పోవునని పందెగాండ్రు సందేహించిరి. అదే యేట ఇటలీలోని సాన్‌రేమోలో జరిగిన ఆరుదినముల అంతర్జాతీయ పరీక్షలో గెలిచిన బ్రిటిషు జట్టునందు రెండు బుల్లెట్టు లుండుటతో ఆ సందేహము తీరినది. 1955లో మదరాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడినది. తరువాత 1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండరు వచ్చి, తేలిక మోటారు సైకిలును పల్లెకు చేర్చినవి. ఈ చరిత్రనుండి రైతు గ్రహింపవలసిన దొక్కటి: స్ప్రింగు సుఖమునకు మాత్రమే కాదు. చక్రమును నేలకు అంటియుంచుటయే దాని ముఖ్యమైన పని. నేలను విడిచి ఎగురు చక్రమునకు బ్రేకు వేసినను ఫలము లేదు.

ఇక పరీక్షకు వత్తము. బండిని సమతలమున నిలిపి, సీటు వెనుకకొనను రెండు చేతులతో బలముగా అదిమి విడువుడు. పైకి లేచి ఒక్కసారికే కుదురుకొన్నచో నూనె గొట్టములు పనిచేయుచున్నవి. రెండు మూడు పర్యాయములు ఊగినచో అవి చెడినవి. గొట్టపు కడ్డీపై నూనె చెమ్మకు దుమ్ము పట్టి నల్లని పొరగా నున్నచో సీలు పోయినదని తెలియుడు. తరువాత బండిని నడిమి స్టాండుపై నిలిపి వెనుక చక్రమును ఎడమకు కుడికి లాగిచూడుడు. టక్కుమను చప్పుడు ఇరుసువద్ద పుట్టినచో చక్రపు బేరింగులు అరిగినవి. ముందుభాగమున, అనగా చక్రమును పట్టియుండు చిమ్టా ఫ్రేముతో కలియు చోట పుట్టినచో బుష్షులు అరిగినవి. మేము చూచిన బండ్లలో బుష్షుల దోషమును స్ప్రింగులపై మోపినవి పెక్కు కలవు. బుష్షు అరిగిన బండి గతుకులో తోక ఊపును. కొత్త షాకప్సర్లు వేసినను ఆ ఊపు పోదు. బుష్షుల ఖరీదు వందలలో పోవును, షాకప్సర్ల జత వేలలో పోవును. రబ్బరు బుష్షులకు గ్రీజు పూయరాదు, రబ్బరు చివికిపోవును. ఇనుప బుష్షు, లోపల స్లీవు ఉన్నవానికి మాత్రము గ్రీజు తప్పక కావలెను.

రెండవది టేపుతో కొలుచు పరీక్ష. దీనికి ముగ్గురు మనుష్యులు, ఒక సుద్దముక్క చాలును. నడిమి స్టాండుపై చక్రము గాలిలో నుండగా, ఇరుసు నడిమినుండి దానికి నిట్టనిలువుగా సీటుక్రింద పెట్టిన సుద్దగుర్తు వరకు కొలువుడు. పిమ్మట బండిని స్టాండునుండి దింపి, నడుపువానిని కూర్చుండబెట్టి, మరియొకరు పట్టుకొనగా అదే కొలత తీయుడు. ఈ రెంటి భేదమే బండి దిగిన లోతు. చక్రపు మొత్తము కదలిక 8 సెంటీమీటర్లనుకొన్నచో, మనిషి యొక్కడే యున్నప్పుడు 2 మొదలు 3 సెంటీమీటర్లు దిగుట సరియైనది. బస్తాతో కూడ కొలిచిచూడుడు. అప్పుడు 5 సెంటీమీటర్లకు మించి దిగినచో, గతుకు వచ్చినప్పుడు దెబ్బను తీసికొనుటకు స్థలము చాలదు; ఇనుము ఇనుమును తాకును. ఆ దెబ్బ మొదట ఫ్రేము అతుకులకు, పిదప నడుపువాని వెన్నెముకకు చేరును. కూర్చున్న మనిషి దేహము క్షణమునకు 4 మొదలు 8 మారులు పైకి క్రిందికి ఊగు కుదుపునకు మిక్కిలి లోనగునని వైద్యశాస్త్రజ్ఞులు గుర్తించియున్నారు. గర్భిణిని ఆసుపత్రికి కొనిపోవు బండి కూడ ఇదియేనని మరువరాదు.

బరువు పెట్టు చోటు విషయము రైతునకు మేము నేర్పనక్కరలేదు. వెనుక బరువైన ఎడ్లబండికి కాడి ఎద్దుల మెడనుండి పైకి లేచునని పదేండ్ల పిల్లవానికి కూడ తెలియును. ఆ తెలివిని మోటారు సైకిలుకడ మాత్రము మనవారు మఱచుచున్నారు. స్ప్లెండరు బండి రెండు ఇరుసుల నడుమ దూరము 1236 మిల్లీమీటర్లు, అనగా సుమారు 124 సెంటీమీటర్లు. 2018 నుండి యూరియా బస్తా 45 కిలోలు. ఆ బస్తాను వెనుక ఇరుసునకు సరిగా మీదుగా నుంచినచో వెనుక చక్రముపై పడు బరువు 45 కిలోలే. వెనుక క్యారియరుపై, ఇరుసుకంటె 20 సెంటీమీటర్లు వెనుకకు నెట్టి కట్టినచో వెనుక చక్రముపై 52 కిలోలు పడును. ముందు చక్రము 7 కిలోలు తేలికపడును. రెండు బస్తాలైనచో వెనుక సుమారు 104, ముందు 14 కిలోల తేలిక. ముందుచక్రము తేలిన బండి హ్యాండిలు మాట వినదు. కావున ఒక బస్తానైనను సీటుమీదికి, నడుపువాని వెన్నుకు ఆనునట్లు జరిపి కట్టుడు. లేదా రెండు సగములుగా చేసి ఇరుప్రక్కల సంచులలో, ఇరుసునకు ముందుగా, క్రిందుగా వ్రేలాడదీయుడు. ఒక త్రాడు మాత్రమే ఇందులకు ఖర్చు.

రాత్రివేళ మరియొక కీడు కలదు. వెనుక 4 సెంటీమీటర్లు ఎక్కువగా దిగినచో, పై లెక్కనే చూచినను, ముందుదీపపు వెలుగు 25 మీటర్ల దూరమున సుమారు 80 సెంటీమీటర్లు పైకి లేచును. గుంత కనబడదు, చెట్లకొమ్మలు కనబడును. ఎదుటవచ్చు ఇసుక లారీవాని కన్నులలో వెలుగు పడును. అతడు దారి తప్పినచో నష్టము మనదే.

చక్రపు గాలి విషయమై ఒకమాట. ఒంటరిగా పోవునప్పు డెంత, వెనుక మనిషి యున్నప్పు డెంత గాలి యుండవలెనో బండితో వచ్చిన పుస్తకమున వ్రాసియుండును. చాల బండ్లకు గొలుసు కప్పుపై చీటి కూడ అంటించియుండును. బొటనవ్రేలితో నొక్కి గాలి నెంచు నలవాటు మానవలెను. స్ప్రింగు మెత్తబడినదని చక్రములో గాలి మితిమీరి కొట్టించువారు కలరు. చక్రము బండవలె గట్టిపడి చిన్న రాళ్ల దెబ్బను గూడ స్ప్రింగుకు పంపును. నేలతో పట్టు తగ్గును. గొలుసును గూడ ఇప్పుడే చూడుడు. చిమ్టా దిగుచు, దాని మూలము, వెనుక ఇరుసు, ముందరి పండ్లచక్రము ఒక వరుసకు వచ్చినప్పుడు గొలుసు మిక్కిలి బిగియును. ఖాళీ బండిపై బిగుతుగా కట్టిన గొలుసు, బస్తా ఎక్కిన తరువాత చిమ్టాను దిగనీయదు. "స్ప్రింగు పట్టేసినది" అని తెచ్చిన బండి గొలుసును వదులుచేసినంతనే బాగుపడుట మేము చూచితిమి.

స్ప్రింగు క్రిందనున్న మెట్ల పట్టీ సంగతి పలువురు ఎరుగరు. స్ప్లెండరువంటి బండ్లకు ఐదు మెట్లుండును. కొక్కెపు పానాతో త్రిప్పినచో పట్టీ మెట్టెక్కి స్ప్రింగును కొంత అదిమిపట్టును. మెట్టు పెంచినంతనే స్ప్రింగు గట్టిపడునని తలంచుట సరికాదు. స్ప్రింగు కాటాకు ముందే ఒక కిలో రాయి వ్రేలాడదీసినచో ముల్లు మొదలగు చోటు మారును గాని, ఒక్కొక్క కిలోకు ముల్లు జరుగు దూరము మారదు. అట్లే మెట్టు పెంచినచో బండి వెనుకభాగము కొంత పైకి నిలుచును. బరువుకు దిగిన లోతు పూరింపబడును. కాబట్టి బస్తాలు వేయుదినమున మెట్టు పెంచి, దించినపిమ్మట తగ్గించుకొనవలెను. రెండు ప్రక్కలను ఒకే మెట్టున నుంచుట తప్పనిసరి. ఒకప్రక్క మూడు, ఒకప్రక్క ఐదైనచో చిమ్టా మెలిబడును. త్రిప్పుటకు ముందు పట్టీపై బురద కడిగి రెండు చుక్కల నూనె వేయుడు. ఉలితో సుత్తితో కొట్టి త్రిప్పకుడు.

కాటారము దారిలోని యొక మెకానిక్కు కొట్టువద్ద పెద్దవయసు రైతొకడు, "బిడ్డా, దీనికి లారీ స్ప్రింగంత గట్టిది వెయ్యి, పీడ పోతది" అని పట్టుబట్టగా మేము వింటిమి. ఆ కుఱ్ఱవాడు నవ్వి, "బస్త ఉన్నప్పుడు మంచిగనే ఉంటది బాపూ, బస్త దించినంక నీ నడుమే స్ప్రింగయితది" అనెను. ఆ మాటలో లెక్క కలదు. స్ప్రింగు చుట్ట గట్టిదనము తీగ మందమునకు నాలుగవ ఘాతమును బట్టి పెరుగును. తక్కినవన్నియు సమానముగానుండి తీగ 7 మిల్లీమీటర్లనుండి 8 మిల్లీమీటర్లకు మారినచో, ఒక్క మిల్లీమీటరే గదా యనిపించును గాని, గట్టిదనము నూటికి డెబ్బదివంతులు పెరుగును. లోపలి నూనె గొట్టము మాత్రము పాత స్ప్రింగు విసురును అణచుటకే చేయబడినది. కొత్త విసురు దానికి లొంగదు. రైతు బండి నెలలో ఎన్నిదినములు బస్తాలు మోయును, ఎన్నిదినములు ఖాళీగా తిరుగును అని లెక్కించుకొన్నచో, గట్టి స్ప్రింగు ఎవరికి తగునో తెలియగలదు. ప్రతిదినము పాలక్యానులు మోయువానికి తగవచ్చును. అతనికైనను బరువుమోతకే చేసిన టీవీఎస్ ఎక్స్ఎల్ వంటి బండి మేలని మా యభిప్రాయము.

మనవారు చేయు నాటుపనులు కొన్ని చూచి మాకు భయము కలిగినది. చుట్టల నడుమ పాత టైరు ముక్కలు దూర్చుట ఒకటి; ఆ చుట్టలు కదలలేక, తక్కిన చుట్టలపై భారము పడి ఒకనాడు తీగ విరుగును. పెద్దబండి పొడవు షాకప్సర్లను చిన్నబండికి తగిలించుట మరియొకటి. తోక లేచి, గొలుసు చిమ్టాను ఒరయును, పక్కస్టాండు చాలక బండి పడిపోవును. షాకప్సరుకు బదులు ఇనుపపట్టీ వెల్డింగుచేసి వెనుక చక్రమును కదలకుండ బిగించిన బండి నొకదానిని చూచితిమి. ఇది 1948కి వెనుకటి కాలమునకు పోవుటయే. సీటు స్ప్రింగులైన నుండెడివి ఆ కాలమున. దీనికి అవియు లేవు! ఇదిగాక 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. ప్రమాదము జరిగినప్పుడు ఇన్సూరెన్సువారు ఈ మాట నెత్తుదురు.

పై పరీక్షలన్నియు చేసి, నూనె గొట్టములే చెడినవని తేలినచో అప్పుడు కొనుడు. ఒక్కటి చెడినను జతగా మార్చవలెను. పాతది, కొత్తది కలిసినచో ఒకటి లాగును, ఒకటి విడుచును. పై కన్నమునుండి క్రింది కన్నము వరకు పొడవు పాతదానితో సరిపోవలెను. కన్నపు రబ్బరు బుష్షులు కొత్తవై యుండవలెను. బండి కంపెనీవారి విడిభాగము గాని, గేబ్రియల్, ఎండ్యూరెన్స్, ముంజాల్ షోవా వంటి తయారీదారుల సరకు గాని బిల్లుతో తీసికొనుడు. గొట్టమును కోసి నూనె పోసి వెల్డు చేసెదమనువారి మాట నమ్మకుడు. ఆ వేడికి లోపలి సీలు మాడును. చక్రపు ఆటంకములు మెత్తగాను, బరువు గట్టిగాను మోయవలెనన్నచో చుట్టలు ఒకకొన దగ్గరగా, ఒకకొన దూరముగా నుండు స్ప్రింగులు కలవు. దగ్గరి చుట్టలు తేలిక దెబ్బకే మూసికొని, తరువాత దూరపు చుట్టలు భారము వహించును. బజాజ్ వారి బండ్లలో కొన్నింట స్ప్రింగులో స్ప్రింగు నుంచి ఇదే ఫలితమును సాధించిరి. ఆ బండికి తగిన కొలతలో దొరకినచో మాత్రమే వీనిని గైకొనుడు.

కొక్కెపు పానా ఒకటి, నమ్మదగిన గాలి మీటరొకటి, కొలత టేపు ఒకటి: ఈ మూడును ఒక్కొక్క రైతు కొననక్కరలేదు. మన సంఘపు గిడ్డంగి కడ ఒక మేకునకు తగిలించియుంచినచో, ఎరువులకు వచ్చిన సభ్యుడు బస్తా కట్టుటకు ముందే మెట్టు పెంచి, గాలి సరిచూచుకొని పోగలడు. షాకప్సర్ల జతలు కావలసిన సభ్యుల పేర్లు, బండి రకములు గుమాస్తా ఒక పుస్తకమున వ్రాసికొన్నచో, వరంగల్లు పోయినప్పుడు ఒకేమారు తెచ్చుటకు, బేరమాడుటకు వీలగును. ఈ విషయము వచ్చు సర్వసభ్య సమావేశమున ఎవరైన ప్రతిపాదింపవచ్చును. కొత్తవి బిగించినవారు రెండు మూడు దినములు తిరిగినపిమ్మట పై, క్రింది నట్లను మరల బిగించి, టేపుతో మొదటివలెనే మూడు కొలతలు తీసి తేదీతో వ్రాసియుంచుకొనుడు. మరుసటియేడు అదే కొలతలతో పోల్చిచూచినచో ఎంత దిగినదో తెలియును.